పెన్నేటి ఒండ్రు సముద్రం పాలవుతుందా? చెంచాడు ఉప్పు వేసి చూడండి

వరదలో ఎర్రగా పారే పెన్నేటి నీళ్లు ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసేచోట ఎందుకు తేటపడతాయి, మన మన్నంతా సముద్రం పాలేనా అని అడిగారు. అంతా పోదు. కారణం ఉప్పు. అది చూడ్డానికి నెల్లూరు దాకా పోనక్కర్లేదు, కడపలోనే చూడొచ్చు.

బకెట్‌లో రెండు లీటర్ల వాననీళ్లు, రెండు గుప్పిళ్ల చేనిమన్ను వేసి కలపండి. రెండు నిమిషాలాగితే ఇసుక అడుక్కు పోతుంది. పైనున్న బురదనీళ్లను లీటరు సీసాలు రెండింటిలోకి వంచి, ఒకదాంట్లో మాత్రం చెంచాడు ఉప్పు, అంటే సుమారు 5 గ్రాములు, వేసి మెల్లగా తిప్పండి. కాసేపటికి అందులో నలకలు కట్టి దిగడం మొదలవుతుంది. ఉప్పు లేనిది మర్నాటికీ బురదగానే ఉంటుంది. సముద్రపు నీళ్లలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు. అంటే సముద్రం చేరకముందే పని మొదలవుతుందన్నమాట.

బోరు నీళ్లతో చేయొద్దు. వాటిలో సున్నం ముందే ఉంటుంది, రెండు సీసాలూ తేటపడి ప్రయోగం చెడుతుంది. గిలకొట్టినా చెడుతుంది, కూడిన నలకలు విడిపోతాయి. ఎర్రమన్ను త్వరగా కూడుకుంటుంది. పెన్నేట్లో కలిసే కుందూ ఏరు తెచ్చే నల్లరేగడి మొండిది, కాస్త ఓపిక పట్టాలి.

మట్టి రేణువులన్నిటి మీదా ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉప్పు ఆ నెట్టుడును అణుస్తుంది. రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువు ఒంటరిగా ఒక అడుగు లోతు దిగడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అదే నలకగా కూడితే నిమిషాల పని. చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపితే నీళ్లు తేరుకున్నట్టే, మందు వేరంతే.

దిగిన అడుసు అక్కడే ఉండిపోదు. ఉప్పునీరు బరువు, అడుగుబారుగా ఏటికి ఎదురెక్కుతుంది. కిందికి దిగిన అడుసును అదే వెనక్కి లాక్కొస్తుంది. పోటు నిలిచిన కాసేపు అడుసు కూర్చుంటుంది, అమావాస్య పోట్లకు మళ్లీ లేస్తుంది. గట్టిపడిందా, లేపడానికి ఇంకా వడిగల నీళ్లు కావాలి. పెద్ద వరదప్పుడు మాత్రం ఏరు ఉప్పునీటిని బయటికి నెట్టేస్తుంది, అడుసు సముద్రంలోనే దిగుతుంది.

అయినా ఏరు సముద్రంలో కలిసే మొగ గురించి మనకు బెంగెందుకో! పెన్నేటి మీదున్న గండికోట, మైలవరం, సోమశిల జలాశయాలు దాటి అక్కడికి చేరే ఒండ్రెంత? అనంతపురానికి నీళ్లిచ్చే తుంగభద్ర డ్యాం 133 టీఎంసీలతో మొదలై, పూడికతో 105 దగ్గరికి దిగింది. కదలని నీళ్లలో ఉప్పుతో పనిలేదు, తీరిక చాలు. గేట్లెత్తితే పూడిక కొట్టుకుపోతుందనేవాళ్లు ఒకటి చూసుకోవాలి. ముతక మేట ఏరు జలాశయంలోకి దిగే తల దగ్గరే, గేట్లకు మైళ్ల అవతల పడుతుంది. మెత్తని అడుసు డ్యాం గోడ దాకా వచ్చినా స్పిల్‌వే (వరద నీళ్లను వదిలే గేట్లుండే చోటు) గడపకు చాలా కిందనే కూర్చుంటుంది.