మొదటిసారి బౌలింగ్‌కి ఇంటిల్లిపాదీ వెళ్తున్నారా? సాక్సులు మర్చిపోకండి

మీరు అడిగింది ఇదీ: ఈ ఆదివారం హైదరాబాద్‌లో అందరూ కలిసి బౌలింగ్‌కి, అంటే పొడుగాటి బాట (లేన్) మీద బరువైన బంతిని దొర్లించి చివరనున్న సీసాల్లాంటి పది పిన్లని పడగొట్టే ఆటకి వెళ్తున్నారు. అయిదేళ్ల పాప, అరవై దాటిన నాన్నగారు కూడా వస్తున్నారు. ఎవరికీ ఆట రాదు. నవ్వులపాలు కాకుండా ఉండాలంటే ఏం చూసుకోవాలి?

నవ్వులపాలు ఎలాగూ అవుతారండీ, దానికి విడిగా డబ్బులు తీసుకోరు. మిగతా సంగతులు మాత్రం మా అనుభవంలోంచి చెప్తాను. పోయిన దసరా సెలవుల్లో మా అత్తగారి వాళ్లని తీసుకుని మాదాపూర్ వైపు ఒక మాల్‌కి వెళ్లాం. నాగోల్‌లో మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా మారే పని లేదు కాబట్టి ప్రయాణం హాయిగా సాగింది.

మొదటి దెబ్బ కౌంటర్ దగ్గరే తగిలింది. బూట్లు వాళ్లే ఇస్తారు, సాక్సులు మాత్రం మనవి ఉండాలి. మనమేమో చెప్పులేసుకుని బయల్దేరతాం కదా! అయిదు జతలు అక్కడే కొనాల్సొచ్చింది, ఆ రేటు తల్చుకుంటే ఇప్పటికీ మంట. ఆ బూట్ల అడుగు నున్నగా ఉంటుంది, బంతి వదిలేటప్పుడు కాలు కాస్త జారాలని. వాటితోనే బాత్రూమ్‌కి వెళ్లి తడి అంటించుకుని వస్తే జారాల్సిన చోట కాలు పట్టేస్తుంది, మనిషి ముందుకు పడతాడు. మా బామ్మర్ది పడ్డాడు. దెబ్బేం తగల్లేదు, ఫొటో మాత్రం ఫ్యామిలీ గ్రూపులో ఇంకా తిరుగుతోంది.

ఇక అసలు విషయం, బంతి. ఆరు నుంచి పదహారు పౌండ్ల దాకా ఉంటాయి, అంకె బంతి మీదే రాసి ఉంటుంది. బామ్మర్ది చూస్తున్నాడు కదా అని నేను పోయి పోయి 14 అందుకున్నాను. అంటే ఆరు కేజీల పైమాటే, సంక్రాంతి గుమ్మడికాయని మూడు వేళ్లతో మోసినట్టు. మూడో ఫ్రేమ్‌కల్లా (ఫ్రేమ్ అంటే ఆటలో ఒక వంతు, పది పిన్లకి రెండు బంతుల దాకా వేయొచ్చు) బొటనవేలు వాచింది, బంతులన్నీ లేన్ పక్క కాలవలోకే. పెద్దవాళ్లకైనా మొదటిసారి ఎనిమిదో, పదో చాలు. బంతికున్న రంధ్రంలోకి బొటనవేలు సులువుగా దూరి సులువుగా బయటికి రావాలి, అది బరువు కన్నా ముఖ్యం.

బలంతో పనిలేదని మా మామయ్యగారు చూపించారు. ఎనిమిది పౌండ్ల బంతి తీసుకుని, గోలీలాటలో లాగా వంగి, తాపీగా దొర్లించారు. అది అరవై అడుగులు వెళ్లేసరికి మేం ఒక గుక్క టీ తాగేయొచ్చు. కానీ పిన్లు పడ్డాయి! ఆ తర్వాత చదివితే తెలిసింది: కుడిచేతివాళ్లు సరిగ్గా కొట్టిన స్ట్రైక్‌లో (అంటే మొదటి బంతికే పది పిన్లూ పడితే) బంతి తాకేది నాలుగు పిన్లనే, మిగతా ఆరూ ఒకదాన్నొకటి పడగొట్టుకుంటాయి. అందుకే నేరుగా ముందు పిన్ను నడినెత్తిన కాకుండా, కొంచెం కుడివైపు, దాని వెనకున్న పిన్నుకీ దానికీ మధ్య సందులో తగలాలి. గురి కూడా అంత దూరంలోని పిన్ల మీద పెట్టకండి. బంతి వదిలేచోట ఉన్న గీత దాటాక పదిహేను అడుగుల్లో నేల మీద బాణం గుర్తులుంటాయి, వాటిలో ఒకదాని మీంచి బంతి పోయేట్టు చూడండి. ఈ ఒక్క మాట మాకు ముందే ఎవరైనా చెప్పుంటే నా స్కోరు 61 దగ్గర ఆగేది కాదు.

స్కోరు గొడవ ఇంకోటి. మామయ్యగారు బ్యాంకులో క్యాషియర్‌గా రిటైరయ్యారు. స్ట్రైక్ కొట్టారు, తెరమీద అడ్డగీతల గుర్తు పడింది గానీ అంకె రాలేదు.

"ఏమయ్యా అల్లుడూ, నా పది ఏదీ?"

"వస్తుందండీ మామయ్యగారూ, ఇంకో రెండు బంతులు వేయాలి."

నమ్మలేదు, వెళ్లి కౌంటర్‌లో అబ్బాయిని పిలుచుకొచ్చారు. తర్వాత రెండు బంతుల్లో ఏడూ రెండూ పడ్డాయి, అప్పుడు మొదటి ఫ్రేమ్‌లో 19 అని కనబడింది. "ఓహో, పది అసలు, తొమ్మిది వడ్డీ!" అన్నారు. స్పేర్‌కైతే, అంటే రెండు బంతుల్లో పదీ పడగొడితే, ఒక్క బంతి వడ్డీయే. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

అత్తయ్యగారు చీర కుచ్చిళ్లు బంతికి తగులుతాయని రెండు ఫ్రేములు ఆడి కూర్చున్నారు. మీ ఇంట్లో ఆడవాళ్లకి ఆడాలనుంటే డ్రెస్ వేసుకోమనండి, పొడుగు గోళ్లు ఉంటే జాగ్రత్త.

అయిదుగురికి ఒక ఆట గంట దగ్గర పట్టింది. మాకు తీసుకున్నది గంట లెక్కన కాదు, మనిషికి ఆటకి ఇంత అని. మీరు వెళ్లేచోట ఎలాగో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, ఆదివారం సాయంత్రం మాత్రం లేన్ కోసం నిలబడాల్సొస్తుంది. ఆ ఫోన్‌లోనే పాప సంగతి కూడా అడగండి: తన సైజు బూట్లున్నాయా, కాలవల పక్కన అడ్డు కమ్మీలు లేపుతారా, బంతిని పెట్టి తోసే జారుడు స్టాండు ఉందా అని. ఈ మూడూ ఉంటే మీ అందరికన్నా పాపకే ఎక్కువ పాయింట్లు వచ్చినా ఆశ్చర్యం లేదు.