గొంతు నొప్పికి గుంటూరు నుంచి కొరియర్ ఎందుకమ్మా?

సందేహం: అక్కా, ఎమ్మెస్సీ చదవడానికి ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ వచ్చి రెండు నెలలైంది. నాలుగు రోజులుగా గొంతు నొప్పి, దగ్గు. జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) అపాయింట్‌మెంట్ రెండు వారాల తర్వాత ఇచ్చారు. ఇంటి నుంచి తెచ్చుకున్న యాంటీబయాటిక్స్ కొన్ని మిగిలాయి కానీ కోర్సుకు చాలవు. గుంటూరు నుంచి అమ్మ కొరియర్ చేస్తానంటోంది. తెప్పించుకోనా?

జవాబు: వద్దమ్మా. మందులు పోస్టులో తెప్పించుకోవడానికి రూల్సున్నాయి, అవి ఎక్కడైనా చూసుకోవచ్చు. నేను చెప్పేది డబ్బు సంగతి. ఆ తప్పు నేనూ చేశాను. ఎంత పోయిందో పెన్నీలతో సహా గుర్తుంది.

2009లో తెనాలి నుంచి లండన్ ఈస్ట్‌హామ్‌లో దిగినప్పుడు నా సూట్‌కేసులో పచ్చళ్ళ పక్కన ఒక మందుల డబ్బా ఉండేది. వీధి చివర మెడికల్ షాపాయన డాక్టర్ చీటీ అడక్కుండా ఇచ్చినవే అన్నీ. మన దగ్గర కూడా యాంటీబయాటిక్స్ చీటీ లేకుండా అమ్మకూడదు. స్ట్రిప్పు మీద ఎర్ర గీత కనిపిస్తే అర్థం అదే. ఎవరు చూస్తాం?

జనవరిలో గొంతు పట్టేసింది. అజిత్రోమైసిన్ మూడు మాత్రల స్ట్రిప్పు తీశాను. ఒకటి నేను వేసుకున్నాను, ఒకటి తుమ్ముతున్న రూమ్మేట్‌కి ఇచ్చాను, మూడోది దాచాను. పొదుపు మరి! మర్నాటికి గొంతు అలాగే ఉంది, కడుపు మాత్రం పాడైంది. గోడౌన్‌లో ఎనిమిదేసి గంటల షిఫ్టులు రెండు పోయాయి. అప్పట్లో గంటకి 5.80 పౌండ్లు. అంటే 92 పౌండ్ల 80 పెన్నీలు, రెండు వారాల గది అద్దె. రూపాయల్లో లెక్కేసుకుని ఆ రాత్రి ఏడ్చాను, గొంతు నొప్పికి కాదు.

ఇంకో స్ట్రిప్పు కొందామని సందు చివరి ఫార్మసీకి వెళ్ళాను. కౌంటర్ వెనకాయన ఇవ్వనన్నాడు. డబ్బులిస్తానంటే మందివ్వని షాపును అప్పుడే మొదటిసారి చూశాను. పక్కనున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, జ్వరం ఉందా, దగ్గుందా, ముక్కు కారుతోందా అని ఒక్కొక్కటే అడిగాడు. ‘ఇది వైరస్, వారం పడుతుంది. ఆ మందుకి వైరస్ చావదు, నీ ఒంట్లోని బ్యాక్టీరియా మాత్రం ఆ మందుకి అలవాటు పడుతుంది’ అన్నాడు. పారాసెటమాల్ వేసుకుని ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాడు. సూపర్‌మార్కెట్ సొంత బ్రాండు పదహారు మాత్రలు ముప్పై పెన్నీలకి దొరికాయి. పేరున్న బ్రాండులోనూ ఉండేది అదే మందు, ధరే తేడా.

మీకు మాకంటే సుఖం. 2024 జనవరి 31 నుంచి ఇంగ్లండ్‌లో ‘ఫార్మసీ ఫస్ట్’ అనే పథకం వచ్చింది. గొంతు నొప్పి, సైనస్, పిల్లల చెవిపోటు, పురుగు కుట్టి చీము పట్టడం, ఇంపెటిగో అనే చర్మపు పుండ్లు, సర్పి, ఆడవాళ్ళ యూరిన్ ఇన్ఫెక్షన్: ఈ ఏడింటికి ఫార్మసిస్టే చూసి, అవసరమైతే యాంటీబయాటిక్ కూడా ఇస్తారు. గొంతుకి మార్కులేస్తారు: గత 24 గంటల్లో జ్వరం, టాన్సిల్స్ మీద చీము, మూడు రోజుల్లోపే రావడం, టాన్సిల్స్ బాగా ఎర్రబడి వాయడం, దగ్గూ జలుబూ లేకపోవడం. అయిదుకి ఒకటో సున్నానో వస్తే యాంటీబయాటిక్ రాదు. నీకు దగ్గుంది, మొదలై నాలుగు రోజులైంది. రెండు మార్కులు అప్పుడే పోయాయి. ఇక్కడ ఎక్కువ తెచ్చుకోవాలని ఆశపడకు!

ఒక్క మాట, ఆడపిల్లవి కాబట్టి. షిఫ్టులో టాయిలెట్‌కి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానకు. నేనూ మానేదాన్ని, మంటతో మూడు రోజులు నోరు మూసుకున్నాను. 16 నుంచి 64 ఏళ్ళ వాళ్ళకి మామూలు యూరిన్ ఇన్ఫెక్షనైతే ఇప్పుడు ఫార్మసీలోనే మూడు రోజుల కోర్సు ఇవ్వొచ్చు. గదిలో మాట్లాడదామని అడుగు, సిగ్గేం లేదు. జ్వరం, నడుం పక్కన నొప్పి ఉన్నా, గర్భం ఉన్నా డాక్టరే చూడాలి. గొంతు వాచి ఊపిరాడకపోయినా, ఉమ్మి మింగలేకపోయినా ఈ ఉత్తరం చదువుతూ కూర్చోకుండా ఎమర్జెన్సీ నంబరు 999కి ఫోన్ చెయ్.

ఇక ఖర్చు. ఫార్మసిస్ట్ చూసినందుకు ఏమీ కట్టక్కర్లేదు. వీసాతో పాటు ఏడాదికి 776 పౌండ్లు హెల్త్ సర్‌చార్జీ కట్టే వచ్చావు కదా, ఎనభై వేల పైమాటే, వాడుకో! మా రోజుల్లో అది లేదు, 2015లో పెట్టారు. మందు రాస్తే ఇంగ్లండ్‌లో ఒక్కోదానికి 9.90 పౌండ్లు, 2024 మే నుంచి ఉన్న రేటు. మారిందేమో చూసుకో. స్కాట్లండ్, వేల్స్‌లో అదీ లేదు. అవసరం లేదని పంపేస్తే చాలామంది మనవాళ్ళు మొహం మాడ్చుకుని బయటికొస్తారు. నాకైతే 9.90 మిగిలిందని సంతోషం. దగ్గు సిరప్ కొనమంటే మాత్రం ఆలోచించు, తేనె, నిమ్మకాయ చవక.

నీ దగ్గర మిగిలిన మాత్రలు చెత్తబుట్టలో పడేయకు, ఎవరికీ పంచకు. ఫార్మసీ కౌంటర్లో ఇస్తే తీసుకుని పారేస్తారు. నా మూడో మాత్ర కూడా అలాగే ఇచ్చేశాను. డబ్బులు మాత్రం వెనక్కివ్వరు, అడిగి చూశాను.