లోన్ లిమిట్‌ని అత్యవసర నిధి అనుకోకండి, డాక్టరమ్మా

ప్రశ్న: నేను ఒడిశాలోని రాయగడలో పిల్లల డాక్టర్‌ని, వయసు 37. క్లినిక్ మీద పన్ను పోగా నెలకు 2.20 లక్షలు వస్తుంది. అందులోంచే అద్దె 25 వేలు, ముగ్గురు స్టాఫ్ జీతాలు 42 వేలు కడతాను. మావారు లెక్చరర్, చేతికి 55 వేలు. ఇంటి లోన్ ఈఎంఐ 38 వేలు, పరికరాల లోన్ 21 వేలు (వచ్చే మార్చికి తీరిపోతుంది), ఇంటి ఖర్చు 45 వేలు, పాప స్కూలు 9 వేలు, అత్తయ్యగారి మందులు 6 వేలు. గుణుపూర్, మునిగుడ వైపు నుంచి ఫిట్స్‌తో, పాము కాటుతో వచ్చే పిల్లల్ని విశాఖ పంపేయాల్సి రావడం నా మనసుకి కష్టంగా ఉంది. అందుకే హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పిల్లల ఎమర్జెన్సీ వైద్యంలో రెండేళ్ల ఫెలోషిప్‌కి చేరదామనుకుంటున్నాను. స్టైపెండ్ 60 వేలు, ఫీజు 3 లక్షలు, అక్కడ ఉండటానికి నెలకు 25 వేలు. క్లినిక్ మూయకుండా అద్దె, జీతాలు కడుతూ ఉంటాను. బ్యాంకు 20 లక్షల ప్రీ-అప్రూవ్డ్ లోన్ ఇస్తానంటోంది (14 శాతం, ఐదేళ్లు). ఇంకో 4 లక్షలు పార్వతీపురంలో తెలిసినాయన రెండు రూపాయల వడ్డీకి ఇస్తానన్నారు. ఖాతాలో 1.80 లక్షలున్నాయి. అవసరం పడితే లోన్ ఉంది కదా, వేరే అత్యవసర నిధి ఎందుకు?

జవాబు: మీ ప్రశ్నలోని ఆఖరి వాక్యం చూసే జవాబు రాయడానికి కూర్చున్నాను. డాక్టర్లు, ఇంజినీర్లు, వ్యాపారులు, ఆదాయం బాగున్న ప్రతి ఇంట్లోనూ ఈ మాటే వింటున్నాను. ఆ లిమిట్ బ్యాంకు మీ ఆదాయం చూసి ఇచ్చింది. ఆదాయం ఆగిన రోజున అది కూడా ఆగిపోతుంది. మీకు డబ్బు నిజంగా కావాల్సిన రోజున చేతిలో ఉండనిదాన్ని నిధి అని ఎలా అంటాం?

మీ చదువు మీద నాకు ఒక్క అభ్యంతరం కూడా లేదు. బరువును బట్టి మందు లెక్కకట్టే చోట, తూకం వేసే టైం లేక టేపుతో పిల్లాడి పొడవు కొలిచి డోసు తేల్చే చోట, శిక్షణ ఉన్న చేతికీ లేని చేతికీ తేడా ఎంతో మీకే బాగా తెలుసు. విశాఖ నాలుగైదు గంటల దూరంలో ఉన్న ఊళ్లో అలాంటి డాక్టర్ ఉండటం ఎంత అవసరమో ఆ జిల్లాలో పిల్లల్ని పెంచే ఎవరినడిగినా చెబుతారు. నా గొడవంతా మీరు వెళ్తున్న తీరు మీదే.

మీ అంకెలే ఒకసారి వరసగా వేసి చూడండి. ఇప్పటి ఖర్చులు 1.86 లక్షలు, హైదరాబాద్ ఖర్చుతో 2.11 లక్షలు. స్టైపెండ్, మీవారి జీతం కలిపితే 1.15 లక్షలు. లోటు 96 వేలు. దానిమీద 20 లక్షల లోన్‌కి దాదాపు 46,500 ఈఎంఐ, పార్వతీపురం ఆయనకి వడ్డీ 8 వేలు. నెలకు లక్షన్నర పైగా కారిపోతుంది. ఫీజు కట్టాక మీ దగ్గర మిగిలేది, ఖాతాలోది కూడా కలిపి, 22.80 లక్షలు. పదిహేను నెలలకే ఖాళీ! మార్చి నుంచి పరికరాల లోన్ తగ్గినా మరో రెండు మూడు నెలలే లాగుతుంది. అప్పటికి ఇంకా ఆరు నెలలకు పైగా చదువుంటుంది. తెచ్చిన 20 లక్షల్లో 11 లక్షలకు పైగా ఆ రెండేళ్లలోనే ఈఎంఐగా బ్యాంకుకే తిరిగి వెళ్తుంది. ఈ లెక్కలో ఒక్క జ్వరం లేదు, ఒక్క ఆస్పత్రి బిల్లు లేదు.

షాక్‌లో, అంటే ఒంట్లో రక్త ప్రసరణ పడిపోతున్న స్థితిలో, ఉన్న పిల్లల సంగతి మీకు తెలియనిది కాదు. గుండె వేగం పెంచుకుని, చేతులు కాళ్లు చల్లబడుతున్నా బీపీ చివరిదాకా నిలబెట్టుకుంటారు. నాలుగేళ్ల పాపకి పైబీపీ 78 కంటే దిగేసరికి చాలా ఆలస్యమైపోయి ఉంటుంది. ఈఎంఐలన్నీ తేదీకి కడుతున్న ఇల్లు కూడా అలాగే బాగున్నట్టు కనిపిస్తుంది. మీ ఇంటి బీపీ చూసి మీరు నిశ్చింతగా ఉన్నారు.

ఆ రెండు రూపాయల వడ్డీ గురించి మెత్తగా చెప్పలేను. నూటికి నెలకు రెండంటే ఏడాదికి 24 శాతం. రెండేళ్లలో 1.92 లక్షలు వడ్డీకే పోతుంది, అసలు 4 లక్షలు అలాగే ఉంటుంది. తెలిసినాయనే అయినా ప్రామిసరీ నోటు, ఖాళీ చెక్కు అడుగుతారు. ఆ చెక్కు బౌన్స్ అయితే సెక్షన్ 138 కింద కేసు. రాత్రంతా ఎమర్జెన్సీ డ్యూటీ చేసి పొద్దున్నే వాయిదాకి పార్వతీపురం పరిగెత్తే బతుకు మీకెందుకు? ఆ డబ్బు ముట్టుకోకండి.

ఒక్క ఏడాది ఆగండి. ఇప్పుడు నెలకు 89 వేలు మిగులుతున్నట్టు మీ లెక్కే చెబుతోంది. మరి ఖాతాలో 1.80 లక్షలే ఎందుకున్నాయో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. ఏడాదికి ఆ మిగులు పది లక్షలు దాటుతుంది. మార్చికి పరికరాల లోన్ తీరుతుంది. క్లినిక్‌ని అద్దె, జీతాలు భరించే మరో డాక్టర్‌కి అప్పగించండి, దొరక్కపోతే మూసేయండి. ఖాళీ గదికి నెలకు 67 వేలు కట్టడం నాకు మింగుడుపడలేదు. అప్పుడు చదువు రోజుల్లో లోటు నెలకు 8 వేలే. దానికి ఇప్పుడున్న 1.80 లక్షలు దాదాపు సరిపోతాయి. ఈ ఏడాది మిగులులో ఫీజు పోను ఆరు నెలల ఖర్చు, అంటే ఏడున్నర లక్షలు, విడిగా పెట్టండి. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే కాబట్టి రెండు బ్యాంకుల్లో ఎఫ్‌డీలుగా వేయండి. ఇద్దరి పేరా, ఎవరైనా తీసుకునేలా ఉండాలి. మీరు రిససిటేషన్ రూములో ఉన్నప్పుడు అత్తయ్యగారికి బాగోలేకపోతే మీవారు మీ ఓటీపీ కోసం ఎదురుచూడకూడదు.

టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటికి డబ్బిచ్చే జీవిత బీమా) గురించి మీరు రాయలేదు, లేదనే అనుకుంటున్నాను. క్లినిక్ ఆదాయం చూపించే రిటర్నులు ఉన్నప్పుడే తీసుకోండి, స్టైపెండ్ మీద అంత కవర్ ఇవ్వరు. ఇంటికి సొంత హెల్త్ పాలసీ కూడా ఇప్పుడే. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు, ఆ గడియారం ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. రెండింటి ప్రీమియం మీదా 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు. ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ (వైద్యంలో తప్పు జరిగిందని పేషెంట్లు వేసే కేసులకు బీమా) ఉంటే, ప్రాక్టీసు ఆపాను కదా అని రెన్యువల్ మానకండి. కేసు వేసిన రోజున పాలసీ నడుస్తూ ఉండాలి. పాత పేషెంటు తరఫువాళ్లు వచ్చే ఏడాది నోటీసు పంపితే అప్పటికి ఆగిపోయిన పాలసీ అక్కరకు రాదు.

బంగారం తాకట్టు, ఎడ్యుకేషన్ లోన్ రెండూ ఆ 14 శాతం కంటే నయమే, కానీ మీకు అవసరం పడకూడదు. నీట్-ఎస్‌ఎస్ (సూపర్ స్పెషాలిటీ సీట్ల ప్రవేశ పరీక్ష) రాసి సీటు తెచ్చుకునే ఆలోచన ఉంటే ఈ ఏడాదిలో అదీ చూడండి. ఆస్పత్రి ఇచ్చే ఫెలోషిప్‌కి గుర్తింపు ఏమిటో ఫీజు కట్టకముందే కాగితం మీద అడగండి.

చేరడం ఏడాది వాయిదా వేయమని ఆస్పత్రికి ఈ వారమే రాయండి. కుదరదంటే మరో బ్యాచ్ ఉంటుంది, మరో ఆస్పత్రి ఉంటుంది. చేరేముందు మీ లెక్క మళ్లీ పంపండి. అందులో ఆ రెండు ఎఫ్‌డీలు కనిపిస్తే వెళ్లి రండని నేనే చెబుతాను.