ఏ వేళకు ఎక్కడ? బెజవాడ టిఫిన్లు, మిఠాయిలపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: బదిలీపై అనంతపురం నుంచి విజయవాడ వచ్చి రెండు నెలలయింది. గవర్నరుపేటలో ఒంటరిగా గదిలో ఉంటున్నాను. పేరున్న ఒక హోటల్లో ఒకరోజు ఇడ్లీ అద్భుతంగా ఉంటే, మరొక రోజు పుల్లగా, గట్టిగా ఉంది. రోజూ తినడానికి నమ్మదగిన చోటును ఎలా ఎంచుకోవాలి?
– ఒక ఉద్యోగి, విజయవాడ

జవాబు: ఆ రెండు రోజులూ మీరు ఏ వేళకు వెళ్లారో ఒకసారి గుర్తు చేసుకోండి. మన కోస్తాలో ఇడ్లీకి మినప్పిండి రుబ్బి, కడిగి పిండిన ఇడ్లీ రవ్వ కలిపి రాత్రంతా పులియబెడతారు. తెల్లవారేసరికి ఆ పిండి సరైన పదునులో ఉంటుంది. బెజవాడ వేసవిలో అదే పిండి పదకొండు గంటలకల్లా పులుపెక్కిపోతుంది. వండేవారి చేయి మారకపోయినా పిండి మారిపోతుంది కాబట్టి, ఇడ్లీ తినాలనుకున్న రోజున ఎనిమిదిలోపే వెళ్లండి. కూర్చునే ముందు, తాజా వాయి ఎప్పుడు దిగుతుందో అడగడానికి మొహమాటపడకండి. ఐదు నిమిషాలు ఆగితే వచ్చే వేడి వాయికీ, దించి పక్కన పెట్టిన వాయికీ ఉన్న తేడా మొదటి ముద్దలోనే తెలుస్తుంది.

గాంధీనగర్‌లోని బాబాయ్ హోటల్ మీకు నడిచి వెళ్లేంత దగ్గర. వేడి ఇడ్లీ మీద వెన్న, పక్కన అల్లం పచ్చడి అక్కడి ప్రత్యేకత. ఆ వెన్న పూర్తిగా కరిగిపోకముందే తినాలి కనుక, దానిని పార్శిల్ కట్టించుకోవడం నా దృష్టిలో ఆ ఇడ్లీకి చేసే అన్యాయమే. అసలు ఏ ఇడ్లీనైనా కవర్లో బిగించి కట్టిస్తే సొంత ఆవిరికే చెమ్మగిల్లి ముద్దవుతుంది. తప్పనిసరి అయితే స్టీలు డబ్బా తీసుకువెళ్లండి.

పెసరట్టు సంగతి వేరు. దానికి పులుపు అసలే పనికిరాదు. నానిన పెసలను అల్లం, పచ్చిమిర్చితో రుబ్బి, రుబ్బిన పూటే పోయాలి. అట్టు అంచులు కరకరలాడుతూ, పచ్చిపెసల వాసన తెలుస్తూ ఉంటే ఆ హోటల్లో పిండి ఆ పూటదేనని నమ్మవచ్చు. కొత్త హోటలును పరీక్షించవలసి వస్తే నేను ఇడ్లీ కంటే ముందు ఉప్మా పెసరట్టే చెబుతాను, ఎందుకంటే నిల్వ పిండిని అందులో దాచడం కష్టం.

పుల్లబడిన పిండికీ ఒక వేళ ఉంది. సాయంత్రం బళ్ల మీద వేసే చిట్టి పునుగులకు కాస్త పులిసిన పిండే రుచి. అక్కడ పిండిని కాక నూనెను చూడండి: నల్లబడి, నురుగు కట్టి, పొగలు కక్కుతూ ఉంటే ఆ బండి ఎంత పేరున్నదైనా దాటి వెళ్లిపోండి.

మధ్యాహ్నానికి రోజూ హోటల్ భోజనం వద్దు. గదిలో రైస్ కుక్కర్ పెట్టుకుని, పప్పు, ఒక కూర, రసం కర్రీ పాయింటు నుంచి తెచ్చుకుంటే కడుపుకూ జేబుకూ మేలు. పన్నెండున్నర ప్రాంతంలో వెళ్తే కూరలు పొయ్యి మీది నుంచి అప్పుడే దిగి ఉంటాయి. రాత్రికి మళ్లీ వండుతారా, మధ్యాహ్నానివే వేడి చేసి అమ్ముతారా అన్నది మాత్రం మొదటి రోజే కనుక్కోండి.

ఇలా నాలుగు వారాలు వేళ చూసుకుని తిరిగితే మీ హోటలు మీకే దొరుకుతుంది. పక్కనున్న గుంటూరులో శంకర్ విలాస్ హోటలు పేరే ఆ సెంటరుకూ, రైలు పట్టాల మీది వంతెనకూ స్థిరపడిపోయింది. రోజూ తినే చోటు మీద ఊరివాళ్లకు అంత మమకారం పుడుతుందన్నమాట.

ప్రశ్న: మా అమ్మాయి శ్రీమంతానికి సారెలో బందరు లడ్డు పెట్టాలనుకుంటున్నాము. తొక్కుడు లడ్డు, బందరు లడ్డు ఒకటేనా? నెయ్యితో చేసినదో, డాల్డాతో చేసినదో ఎలా తెలుస్తుంది?
– ఒక గృహిణి, గుంటూరు

జవాబు: రెండూ ఒకటే. తొక్కడమంటే ఇక్కడ దంచడం. శనగపిండి ముద్దను నూనెలోనో నేతిలోనో పూసగా వత్తి వేయించి, దానిని దంచి, జల్లించి, ఆ పొడిని బెల్లం పాకంలో వేసి, నెయ్యి పోస్తూ మళ్లీ దంచి ఉండ కడతారు. అన్నిసార్లు దంచడం వల్లనే బూందీ లడ్డులా పలుకుగా ఉండక నాలుక మీద జారిపోతుంది. ఈ లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పంచదారతో చేసినవి కూడా అమ్ముతారు, కాబట్టి బెల్లంవే కావాలని విడమరచి చెప్పండి.

నెయ్యి మాటకు వస్తే, ముందుగా వంద గ్రాములు కొని, ఇంటికి తెచ్చి, నీళ్లు తాగకుండా ఒక ముక్క నోట్లో ఉంచుకోండి. నెయ్యి నోటి వేడికి కరిగిపోతుంది. డాల్డా అంగిట్లో మైనం పొరలా నిలిచిపోతుంది. ఇది ప్రయోగశాల పరీక్ష కాదు గానీ, పదిమందికి పంచే మిఠాయి విషయంలో ఈ మాత్రం జాగ్రత్త అవసరమని నా గట్టి అభిప్రాయం.

తడి దాదాపు లేని మిఠాయి కనుక సారె ప్రయాణానికి తొక్కుడు లడ్డును మించినది లేదు. తాపేశ్వరం మడత కాజాలు కూడా నిలుస్తాయి. ఆత్రేయపురం పూతరేకులు పెడితే బుట్టలో అన్నిటికంటే పైన సర్దండి, అడుగున పెడితే పొడే మిగులుతుంది. కలాకండ్, పాలకోవా సారెలోకి వద్దు.

ప్రశ్న: విడిగా అమ్మే మిఠాయిలకు తేదీ ఉండాలా? అడిగితే దుకాణంలో విసుక్కుంటున్నారు.
– ఒక విద్యార్థి, బెంజి సర్కిల్

జవాబు: ఉండాలి. డబ్బాల్లో కాక పళ్లేల్లో పెట్టి విడిగా అమ్మే మిఠాయిలకు కూడా ఏ తేదీలోపు తినాలో దుకాణంలో కనబడేలా రాయాలని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020 అక్టోబరు 1 నుంచి తప్పనిసరి చేసింది. విసుక్కున్నా అడగండి. నేను ఒకసారి అడగకుండా కొన్న కలాకండ్‌ను మరునాడు పెట్టె విప్పితే పుల్లటి వాసన కొట్టింది. పాల తడి ఉన్న కలాకండ్ చేసిన రోజే తినవలసినది. కాబట్టి దానిని ఉదయం వండే దుకాణంలో, ఉదయమే, ఆ పూటకు సరిపడినంతే కొనండి.