జీతమూ పొదుపూ ఒకే కంపెనీ మీద ఆధారపడితే?

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్‌లో ఉంటూ దుబాయ్ కంపెనీకి కాంట్రాక్టు మీద సీనియర్ స్మార్ట్ కాంట్రాక్ట్ డెవలపర్‌గా పనిచేస్తున్నాను. ఏఐ ఏజెంట్లు వాటంతటవే చెల్లింపులు జరిపే కోడ్ రాస్తాను. నెలకు 3 లక్షల విలువైన యూఎస్‌డీసీ (ఒక్కోటి ఒక డాలర్ విలువతో ముడిపడిన క్రిప్టో), ఏడాదికోసారి సుమారు 10 లక్షల విలువైన కంపెనీ టోకెన్లు (కంపెనీ సొంత క్రిప్టో) వస్తాయి. పొదుపులో ముప్పావు వంతు ఆ టోకెన్లే. ఇంటి లోను ఈఎంఐ 58 వేలు. టోకెన్లు అమ్మి లోను కట్టేయాలా, పెరిగేదాకా ఆగాలా?

జవాబు: అమ్మండి. పొదుపులో పదో వంతు మాత్రం టోకెన్లుగా ఉంచుకోండి. మీ కంపెనీకి కష్టమొస్తే జీతం ఆగిపోతుంది, టోకెన్ ధర కూడా అప్పుడే పడిపోతుంది. ఈఎంఐ మాత్రం నెలనెలా రూపాయల్లోనే కట్టాలి.

పన్ను సంగతి ఇంకా ముఖ్యం. టోకెన్లు చేతికొచ్చిన రోజు ధరే మీ ఆదాయం. 10 లక్షల విలువైన టోకెన్లు వచ్చాయనుకోండి. మీరు 30 శాతం శ్లాబులో ఉన్నారు కాబట్టి సెస్సుతో కలిపి 3 లక్షల 12 వేలు పన్ను. అమ్మకుండా దాచారు, మార్చికి వాటి విలువ 3 లక్షలకు పడింది. మొత్తం అమ్మినా పన్నుకే 12 వేలు తక్కువ! పోనీ ఆ 7 లక్షల నష్టం చూపి పన్ను తగ్గించుకుందామా అంటే, కుదరదు. క్రిప్టో నష్టాన్ని వేరే ఆదాయంతోనే కాదు, ఇంకో క్రిప్టో లాభంతో కూడా సర్దుకోనివ్వరు. లాభం వస్తే మాత్రం 30 శాతం, పైన సెస్సు. అందుకే టోకెన్లు వచ్చిన రోజే కనీసం మూడో వంతు అమ్మి, ఆ డబ్బు అడ్వాన్స్ ట్యాక్స్ కోసం బ్యాంకులో విడిగా ఉంచండి. దాని వాయిదాలకు జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల్లో 15వ తేదీలు గుర్తుపెట్టుకోండి.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. మీ ఫీజు ఏడాదికి 20 లక్షలు దాటింది కాబట్టి జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. విదేశీ కంపెనీకి చేసే పని ఎగుమతి కింద లెక్కకొచ్చి పన్ను పడకుండా ఉండాలంటే డబ్బు విదేశీ కరెన్సీలో రావాలి. యూఎస్‌డీసీ విలువ డాలర్‌తో ముడిపడినా అది కరెన్సీ కాదు. 18 శాతం జీఎస్టీ మీ నెత్తిన పడే ప్రమాదం ఉంది. జీతం నేరుగా బ్యాంకు ఖాతాకు డాలర్లలో పంపమని కంపెనీని అడగండి. సీనియర్లు గట్టిగా అడిగితే కంపెనీ ఒప్పుకునే అవకాశం ఉంది. పాత ఏడాదుల లెక్క ఆడిటర్‌తో ఈ నెలలోనే చూపించుకోండి.

అమ్మేటప్పుడు మనదేశంలో రిజిస్టరైన ఎక్స్ఛేంజీలోనే అమ్మండి. రెండు రూపాయలు ఎక్కువొస్తాయని పీటూపీలో (మనుషులు ఒకరికొకరు నేరుగా అమ్ముకునే పద్ధతిలో) ముక్కూమొహం తెలియనివాళ్లకు అమ్మితే, వాళ్లు పంపింది సైబర్ మోసం సొమ్మైతే ఫ్రీజయ్యేది మీ ఖాతానే.

వచ్చిన డబ్బుతో ముందు ఏడాది ఇంటిఖర్చు, ఈఎంఐలు ఎఫ్‌డీలో వేయండి. యూఎస్‌డీసీలోనే ఉంచితే సరిపోదా అనుకోవద్దు. 2023 మార్చిలో దాని నిల్వల్లో కొంత దాచిన అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు మూతపడినప్పుడు, డాలర్ ఉండాల్సిన యూఎస్‌డీసీ ధర 88 సెంట్ల దిగువకు జారింది. కొద్ది రోజుల్లో కోలుకుంది నిజమే, కానీ అవసరం ఆ రోజే వస్తే? కాంట్రాక్టు ఉద్యోగానికి పీఎఫ్, గ్రూప్ ఇన్సూరెన్స్ ఉండవు కాబట్టి టర్మ్ పాలసీ, కుటుంబానికి హెల్త్ పాలసీ వెంటనే తీసుకోండి. మిగిలినదాంతో లోను అసలు మొత్తాన్ని తగ్గించండి.

ఇంకొక్కటి. మీ క్రిప్టో వాలెట్ సీడ్ ఫ్రేజ్ (వాలెట్‌ను తిరిగి తెరవడానికి కావాల్సిన రహస్య పదాల వరుస) ఎక్కడుందో ఇంట్లో ఎవరికైనా తెలుసా? బ్యాంకు ఖాతాకు నామినీ ఉంటారు, వాలెట్‌కు ఉండరు. ఈ ఆదివారం మీ ఇంట్లో మీరు నమ్మేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, వెయ్యి రూపాయలున్న ఒక కొత్త వాలెట్‌ను వాళ్ల చేతే ఒకసారి రికవర్ చేయించండి.