పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) మెరీనా గురించి – సమాధానం

రవి గారూ, మీ బావగారు థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ నుంచి యాట్‌లో అండమాన్ వస్తున్నారు, పోర్ట్ బ్లెయిర్ మెరీనాలో (పడవలు కట్టేసుకునే రేవులో) ముందే చోటు బుక్ చేయాలా అని అడిగారు కదా. బుక్ చేయడానికి అక్కడ మెరీనా అంటూ లేదండీ. ఫుకెట్‌లోలా పడవ కట్టేసి, కరెంటు ప్లగ్గు పెట్టుకునే సౌకర్యం ఆశించొద్దు. హార్బర్లో లంగరేసి, చిన్న డింగీలో ఒడ్డుకు రావాలి. డీజిలూ మంచినీళ్లూ క్యాన్లలో మోసుకోవాల్సిందే.

దగ్గరికి రాగానే పడవలోని వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానెల్లో పోర్ట్ కంట్రోల్‌ని పిలవాలి. కస్టమ్స్, ఇమిగ్రేషన్, కోస్ట్ గార్డు తనిఖీ పూర్తయ్యేదాకా ఒడ్డున కాలు పెట్టకూడదు. కాగితాలకు ఒక రోజు పైనే పట్టొచ్చు, ఓపిక ఉండాలి. పాస్‌పోర్టులు, సిబ్బంది జాబితా, పడవ రిజిస్ట్రేషన్ జిరాక్సులు ఓ కట్ట దగ్గరుంచుకోమనండి. లోకల్ ఏజెంటుకిచ్చే డబ్బు దండగ కాదు.

అన్నిటికన్నా ముఖ్యం శాటిలైట్ ఫోను. తురాయా, ఇరిడియం లాంటివి అనుమతి లేకుండా వాడితే మన దేశంలో నేరం. పడవల వాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. బయల్దేరకముందే ఏజెంటుని అడిగి, రాగానే కస్టమ్స్‌కి చెప్పేయాలి.

ఏయే దీవులకు వెళ్తారో ముందే రాసిచ్చి, ఆ దారిలోనే తిరగాలి. బయటివాళ్లని రానివ్వని ఆదివాసులుండే నార్త్ సెంటినెల్ దీవి చుట్టూ 5 నాటికల్ మైళ్ల లోపలికి అసలు పోకూడదు.

ఇంకోటి, గడియారం మనదే అయినా డిసెంబర్లో అక్కడ సాయంత్రం అయిదింటికే పొద్దు వాలిపోతుంది. నాలుగింటికల్లా లంగరు పడాలి. సరుకులకు బజారుకెళ్తే మాత్రం తెలుగువాళ్లు బోలెడుమంది, భాషకు ఇబ్బంది లేదు.