మెత్తటి వాలీబాల్ తయారుచేస్తానంటోంది మా అమ్మాయి.. ఏం చదివించాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. జిల్లా స్థాయిలో వాలీబాల్ ఆడుతుంది. ప్రాక్టీసు నుంచి ఇంటికొచ్చేసరికి ముంజేతులు ఎర్రగా కందిపోయి ఉంటాయి. కొత్తగా చేరే చిన్నపిల్లలు నొప్పికి భయపడి మానేస్తున్నారట. ‘చేతులు మండని బంతి నేనే డిజైన్ చేస్తా, ఆ చదువే చదువుతా’ అంటోంది. మేమేమో సీఎస్‌ఈ అనుకున్నాం. బంతుల డిజైన్‌కి చదువంటూ ఉంటుందా? ఉద్యోగం దొరుకుతుందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: బంతుల డిజైన్ అన్న పేరుతో డిగ్రీ కోసం వెతక్కండి. మీ అమ్మాయి పట్టుకున్నది మెత్తదనం అనే సమస్య. అది రబ్బరుకు, ఫోమ్‌కు, గాలి ఒత్తిడికి, వాటిని కొలవడానికి సంబంధించింది. బొమ్మ గీయడం, రంగులు వేయడం ఆ తర్వాతి పని. కాబట్టి నా సలహా మొదటే చెప్పేస్తాను: పాలిమర్ (రబ్బరు, ప్లాస్టిక్, ఫోమ్ లాంటివి) లేదా మెటీరియల్స్ ఇంజినీరింగ్ చదివించండి, డిజైన్ పీజీలో చూసుకోవచ్చు. ఎందుకో వివరంగా చెబుతాను. ఈ జవాబు అమ్మాయి చేత కూడా చదివించండి, సగం ఆమె కోసమే రాస్తున్నాను.

అసలు ఆ గ్రౌండులో బంతికి గాలి ఎంత కొడుతున్నారో ముందు చూడమనండి. వాలీబాల్ నిబంధనల ప్రకారం లోపలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.30 నుంచి 0.325 కిలోలు ఉండాలి. పంపు గేజ్ మీద చూస్తే సుమారు 4.3 నుంచి 4.6 పీఎస్‌ఐ. మన గ్రౌండుల్లో చాలాచోట్ల గేజ్ ఉండదు, సైకిల్ పంపుతో కొట్టి బొటనవేలితో నొక్కి చూసి ‘సరిపోయింది’ అంటారు. ఆ బంతి రాయిలా ఉండి చేతులు కందితే అది డిజైన్ తప్పు కాదు. ఒక గేజ్ కొనివ్వండి, ఆమె ఇంజినీరింగ్ అక్కడే మొదలవుతుంది.

బీచ్ వాలీబాల్ బంతి సంగతి చూడండి. బరువు ఇండోర్ బంతిదే: 260 నుంచి 280 గ్రాములు. చుట్టుకొలత ఒక సెంటీమీటరు ఎక్కువ, 66 నుంచి 68. గాలి ఒత్తిడి మాత్రం 0.175 నుంచి 0.225 కిలోలే. ఆ తేడాతో ఏం జరుగుతుందో అమ్మాయి చదివే ఫిజిక్స్‌తోనే లెక్కగట్టొచ్చు. బంతి గోడ బిరుసుదనాన్ని పక్కనపెట్టి లోపలి గాలిని ఒక స్ప్రింగు అనుకుంటే, ఆ స్ప్రింగు స్థిరాంకం దాదాపుగా చుట్టుకొలతను ఒత్తిడితో గుణిస్తే వచ్చేదే. అలా లెక్కవేస్తే ఇండోర్ బంతి చేతికి ఆనుకుని ఉండే సమయం 11, 12 మిల్లీసెకన్లు, బీచ్ బంతిది 14. అదే వేగంతో వచ్చినా చేతి మీద పడే గరిష్ఠ బలం దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. క్యాచ్ పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగడం లాంటిదే ఇది. కాకపోతే ఇక్కడ వెనక్కి తగ్గేది బంతి.

మరి అన్ని బంతుల్లోనూ గాలి తగ్గించేస్తే పోలేదా? పోదు. నొక్కుకుపోయే బంతి తిరిగి లేచేటప్పుడు కొంత శక్తిని పోగొట్టుకుంటుంది, స్మాష్ కోసం బంతిని ఎత్తి ఇచ్చే లిఫ్టర్ వేలి మీంచి వెళ్లే తీరు మారుతుంది, సర్వీసు బరువుగా అనిపిస్తుంది. సరే, గాలి అలాగే ఉంచి పైతొక్క కింద ఫోమ్ పొర మందంగా వేద్దాం అంటారా? బంతి ఉపరితలం సుమారు 1,390 చదరపు సెంటీమీటర్లు. ఘనపు సెంటీమీటరుకు 0.15 గ్రాముల సాంద్రత ఉన్న ఫోమ్ ఒక్క మిల్లీమీటరు ఎక్కువ వేస్తే బరువు 20 గ్రాములు పెరుగుతుంది. నిబంధనలు ఇచ్చే వెసులుబాటు మొత్తం 20 గ్రాములే! అంటే ఆ బరువును ఇంకెక్కడో కోయాలి. బ్లాడర్, అంటే లోపల గాలి పట్టే సంచి, పల్చన చేస్తే గాలి త్వరగా దిగుతుంది, లోపలి గుడ్డ పొర తగ్గిస్తే బంతి గుండ్రదనం పోతుంది. బ్లాడర్‌లో కూడా ఇదే తగవు: లేటెక్స్‌ది మెత్తగా, చురుగ్గా ఉంటుంది కానీ గాలి తొందరగా వదిలేస్తుంది. బ్యూటైల్ రబ్బరుది కాస్త బిరుసు, కానీ గాలిని పట్టి ఉంచుతుంది. పైతొక్కలో పీవీసీ ప్లాస్టిక్ చవక, పీయూ (పాలీయురెథేన్) మెత్తన. ఏది తీసుకున్నా ఇంకోటి వదులుకోవాల్సిందే. ఆ ఎంపిక సరిగ్గా చేయగలిగిన మనిషికే కంపెనీ జీతమిస్తుంది.

మెత్తగా ఉంటే చాలనుకుని దెబ్బతిన్న కథ ఒకటి చెప్పాలి. 2006లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ, ఏళ్ల తరబడి వాడుతున్న తోలు బంతిని పక్కనపెట్టి స్పాల్డింగ్ సంస్థ చేసిన మైక్రోఫైబర్ బంతిని తెచ్చింది. తోలు బంతి కొత్తలో బిరుసుగా ఉంటుంది, ఆడగా ఆడగా చేతికి అలవాటవుతుంది. కొత్త బంతికి ఆ అవసరం లేదు, మొదటి రోజు నుంచే పట్టు బాగుంటుంది, అన్ని బంతులూ ఒకేలా ఉంటాయి అన్నారు. సీజన్ మొదలయ్యాక ఆటగాళ్ల వేళ్లకు సన్నటి కోతలు పడ్డాయి. చెమట తగిలితే బంతి జారుతోందన్నారు. తోలు చెమటను పీల్చుకుంటుంది, ఆ సింథటిక్ పైతొక్క పీల్చుకోదు. ఆటగాళ్ల సంఘం ఫిర్యాదు దాకా వెళ్లింది. చివరికి 2007 జనవరి 1 నుంచి మళ్లీ తోలు బంతే వచ్చింది. అంత పెద్ద లీగ్, అంత పెద్ద కంపెనీ కలిసి తెచ్చిన బంతి సీజన్ మధ్యలోనే వెనక్కి పోయింది. పొడిచేత్తో పది నిమిషాలు పట్టుకుంటే బాగున్నది, చెమటచేత్తో రెండు గంటలు ఆడితే బాగుంటుందని లేదు. ఒంగోలు ఎండల్లో ఆడే అమ్మాయికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

చిన్నపిల్లల సంగతికొస్తే, జపాన్ వాళ్లు దీనికి వేరే దారి పట్టారు. అక్కడ సాఫ్ట్ వాలీబాల్ అని ఒక ఆటే ఉంది. రబ్బరు బంతి, చుట్టుకొలత సుమారు 78 సెంటీమీటర్లు, బరువు 210 గ్రాములు. బ్యాడ్మింటన్ కోర్టంత జాగాలో, జట్టుకు నలుగురు చొప్పున ఆడతారు. మామూలు బంతినే మెత్తన చేయడానికి తంటాలు పడకుండా బంతిని పెద్దది చేసి, బరువు తగ్గించి, ఆటనే దానికి తగ్గట్టు మార్చుకున్నారు. మీ అమ్మాయి చేయాలనుకుంటున్నది ఏది? పోటీల్లో చెల్లే బంతా, కొత్తగా నేర్చుకునే పిల్లల బంతా? రెండూ వేర్వేరు లెక్కలు. రెండోదాంట్లో నిబంధనల బిగింపు తక్కువ, మన దేశంలో చేయాల్సిన పని ఎక్కువ. నేనైతే అటు మొగ్గమంటాను.

ఇక చదువు. కొచ్చిలోని కుశాట్ (కొచ్చిన్ యూనివర్సిటీ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ)లో బీటెక్ పాలిమర్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ ఉంది, ప్రవేశం వాళ్ల సొంత పరీక్ష క్యాట్ ద్వారా. కేరళలో రబ్బరు మీద పని, పరిశోధన ఎక్కువ కాబట్టి నా మొదటి ఓటు దానికే. చెన్నైలో అన్నా యూనివర్సిటీ ఎంఐటీ క్యాంపస్‌లో రబ్బర్ అండ్ ప్లాస్టిక్స్ టెక్నాలజీ ఉంది, బయటి రాష్ట్రాల వాళ్లకు ప్రవేశ నిబంధనలు మాత్రం ముందే చూసుకోండి. జేఈఈలో మంచి ర్యాంకు వస్తే వరంగల్ ఎన్‌ఐటీలోనో ఐఐటీ హైదరాబాద్‌లోనో మెటలర్జీ, మెటీరియల్స్ బ్రాంచి తీసుకోవచ్చు. ఇంటికి దగ్గర్లోనే ఉండాలనుకుంటే మెకానికల్ చదివి, తర్వాత గేట్ రాసి ఐఐటీ ఖరగ్‌పూర్ రబ్బర్ టెక్నాలజీ సెంటర్‌లో ఎంటెక్ చేసే దారీ ఉంది. ఇది చాలామందికి తెలియదు. విదేశాల సంగతి ఇప్పుడే వద్దు. ఆసక్తి నిలిస్తే ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ హాలమ్, లఫ్‌బరో లాంటి విశ్వవిద్యాలయాలకు క్రీడా ఇంజినీరింగ్‌లో పేరుంది, అవి బీటెక్ తర్వాతి మాట.

అమ్మాయికి బొమ్మలు గీయడం, చేత్తో వస్తువులు చేయడం మీద నిజంగా మనసుంటే యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీల్లో బీడిజైన్, లేదా ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) పరీక్ష రాసి మన ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ చూడొచ్చు. మంచి చదువులే. కానీ మీ ఉత్తరంలో ఆమె గీసిన బొమ్మల మాట ఎక్కడా లేదు, నొప్పి మాటే ఉంది. అందుకే అటు గట్టిగా తోయడం లేదు. ఇంకొకటి, ‘స్పోర్ట్స్ టెక్నాలజీ’ అని ఆకర్షణీయమైన పేరు పెట్టి లక్షల్లో ఫీజు అడిగే కోర్సులు కనిపిస్తాయి. చేరేముందు ల్యాబ్ చూపించమనండి. రబ్బరు గట్టిదనం కొలిచే పరికరం, మెటీరియల్‌ను సాగదీసి నొక్కి పరీక్షించే యంత్రం ఉన్నాయా అని అడగండి. బ్రోచర్ చేతికిచ్చి మాట మారిస్తే లేచి వచ్చేయండి.

ఉద్యోగం విషయంలో మీకు తీపి మాటలు చెప్పను. బంతులు మాత్రమే చేసే కంపెనీల్లో డిజైన్ ఉద్యోగాలు తక్కువ. మన దేశంలో ఆ పని జలంధర్, మీరట్‌లలో ఎక్కువ. దేశ విభజనప్పుడు సియాల్‌కోట్ నుంచి వచ్చిన కుటుంబాలు అక్కడ నిలబెట్టిన పరిశ్రమ అది. నివియా వాళ్లది జలంధరే, కాస్కో గురుగ్రామ్. మీరట్‌లో క్రీడా సామగ్రి కోసం కేంద్ర ఎంఎస్‌ఎంఈ (చిన్న, మధ్యతరహా పరిశ్రమల) శాఖ వారి పీపీడీసీ అనే కేంద్రం కూడా ఉంది, శిక్షణలు ఇస్తుంది. అమ్మాయి అక్కడికి వెళ్లి పనిచేయడానికి ఇంట్లో ఒప్పుకుంటారా అన్నది మీరు ఇప్పుడే ఆలోచించుకోవాల్సిన ప్రశ్న.

అయితే రబ్బరు, ఫోమ్ తెలిసిన ఇంజినీరు బంతి కోసమే కూర్చోనక్కర్లేదు. తడ దగ్గర మాంబట్టులో అపాచీ సంస్థ అడిడాస్ బూట్లు చేస్తోంది. బూటు అడుగుభాగం మెత్తగా ఉంటూనే పాదాన్ని పైకి తోయాలి, బంతిలో ఉన్న తగవే అక్కడా ఉంది. సత్యవేడు దగ్గర చిన్నపాండూరులో అపోలో టైర్లు, సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్, అచ్యుతాపురంలో యోకోహామా వాళ్ల టైర్ల ఫ్యాక్టరీ ఉన్నాయి. హెల్మెట్ల లోపలి పొరలు, పరుపులు, మంచం పట్టిన రోగులకు వాడే గాలి దిండ్లు.. ఇవన్నీ ఆ చదువుకు దగ్గరి పనులే. మొదటి జీతం మంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో పోలిస్తే తక్కువే ఉండొచ్చు. పక్కింటి అబ్బాయి ప్యాకేజీతో పోల్చడం మొదలుపెడితే ఈ దారిలో మీకు రోజూ మనస్తాపమే. ఆ పోలిక మానలేమనుకుంటే సీఎస్‌ఈలోనే చేర్పించండి. బంతి నొక్కుకుపోవడాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే సిమ్యులేషన్ పనులూ ఉన్నాయి, తలుపు పూర్తిగా మూసుకుపోదు. కాకపోతే ఇష్టం లేని బ్రాంచిలో నాలుగేళ్లు ఎలా నెట్టుకొస్తుందో మీకే బాగా తెలుసు.

ఏదీ నిర్ణయించకముందు, వచ్చే వేసవి సెలవుల్లో ఆమెతో ఒక పని చేయించండి. పాడైపోయిన బంతి ఒకటి కోసి పొరలన్నీ విడదీసి, ఒక్కోదాని మందం, బరువు రాసుకోమనండి. మంచి బంతిని మూడు వేర్వేరు ఒత్తిళ్లలో పెట్టి, సుద్దపొడి చల్లిన నేల మీద రెండు మీటర్ల ఎత్తు నుంచి వదలమనండి. బంతి మీద అంటిన సుద్ద గుర్తు ఎంత వెడల్పో కొలిస్తే ఎంత నొక్కుకుపోయిందో తేలుతుంది, ఎంత ఎత్తు లేచిందో ఫోన్ వీడియోలో కనిపిస్తుంది. తర్వాత ఏ బంతిలో ఎంత గాలి ఉందో చెప్పకుండా తోటి ఆటగాళ్ల చేత ఆడించి, ఏది నొప్పెట్టింది, ఏది చెప్పినమాట వినలేదు అని అడగాలి. పొడిచేత్తో ఒకసారి, తడిచేత్తో ఒకసారి. కొలతలకూ వాళ్ల మాటలకూ పొంతన కుదరకపోవచ్చు, అప్పుడు ఆమె విసుక్కుంటుందో, మళ్లీ కొలుస్తుందో గమనించండి. మళ్లీ కొలిస్తే పాలిమర్ సీటు కోసం ధైర్యంగా ప్రయత్నించండి.

యూసీడ్ దరఖాస్తులు సాధారణంగా అక్టోబరు ప్రాంతంలో, కుశాట్‌వి ఏడాది మొదట్లో తెరుస్తారు. రెండో ఏడాది దసరా సెలవుల నుంచి ఆ వెబ్‌సైట్లు చూస్తూ ఉండండి. ఆట మాత్రం మాన్పించొద్దు. ఈ ఉత్తరం మీ చేత రాయించింది ఆ ఆటే కదా.